ఉద్యోగానికి రాజీనామా: లేఖలో ఏం రాయాలి? నోటీసు ఎలా లెక్కపెట్టాలి? చేతికి ఏమొస్తుంది?

రాజీనామా అనగానే మనకు ముందు గుర్తొచ్చేది నాయకుల రాజీనామాలే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో 'స్పీకర్ ఫార్మాట్' అన్న మాట టీ కొట్ల దగ్గర కూడా వినిపించేది. లేఖ ఎవరికి రాశారు, కారణాలు రాశారా లేదా, ఆమోదించారా, వెనక్కి తీసుకున్నారా అని రోజుల తరబడి చర్చ జరిగేది.

మామూలు ఉద్యోగి రాజీనామాకు అంత హడావుడి ఉండదు. రాత్రి పదకొండింటికి కోపంలో రెండు వాక్యాల మెయిల్ కొట్టేసి పడుకునేవాళ్లున్నారు. కానీ ప్రశ్నలు మాత్రం అవే: ఎవరికి ఇచ్చారు? ఏ తేదీన ఇచ్చారు? ఎప్పటినుంచి అమల్లోకి వస్తుంది? ఆమోదించారా? గ్రాట్యుటీ, పీఎఫ్, బకాయి జీతం, రిలీవింగ్ లెటర్ అన్నీ ఈ నాలుగు జవాబుల మీదే ఆధారపడి ఉంటాయి. ప్రభుత్వోద్యోగి అయితే జీవితకాలపు పింఛను కూడా.

అందుకే ఉద్యోగం మానేయాలనుకున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. రాజీనామా లేఖ మనసులో బాధ చెప్పుకునే ఉత్తరం కాదు, రేపు ఆధారంగా చూపించాల్సిన పత్రం.

లేఖ రాసే ముందు చూసుకోవాల్సినవి

మొదట అపాయింట్‌మెంట్ లెటర్ తీయండి. చేరినప్పుడు సంతకం చేసి పక్కన పడేసిన ఆ పత్రంలోనే నోటీసు పీరియడ్ ఎంతో, తగ్గితే ఎంత కట్టాలో, బాండ్ ఉందో లేదో రాసి ఉంటుంది. ప్రమోషన్ వచ్చినప్పుడు ఇచ్చిన లేఖలో నోటీసు కాలాన్ని 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచి ఉండొచ్చు. కాబట్టి చివరిగా సంతకం చేసిన పత్రమేదో చూసుకోవాలి. కంపెనీ హెచ్‌ఆర్ పాలసీని కూడా చదవాలి.

రెండోది, కొత్త ఉద్యోగం కోసం మానేస్తుంటే ఆఫర్ లెటర్ చేతిలో ఉండాలి. ఫోన్లో చెప్పిన మాట, వాట్సాప్‌లో పంపిన జీతం అంకె ఆఫర్ లెటర్ కాదు. 2022లో కొన్ని ఐటీ కంపెనీలు రాతపూర్వకంగా ఇచ్చిన ఆఫర్లనే వెనక్కి తీసుకున్నాయి. ఇక నోటిమాటకు విలువెంత? జీతం, హోదా, చేరాల్సిన తేదీ ఉన్న లేఖ వచ్చాకే ఇక్కడ రాజీనామా ఇవ్వడం మంచిది.

మూడోది, క్యాలెండర్. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండటానికి ఇంకా నెల ఉందా? ఏటా ఇచ్చే బోనస్ ఎప్పుడొస్తుంది? చాలా కంపెనీల్లో బోనస్ చెల్లించే రోజున ఉద్యోగి నోటీసులో ఉంటే ఇవ్వరు. నెల రోజుల తొందర వల్ల లక్ష రూపాయలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

నాలుగోది, ఇంట్లోవాళ్ల ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. అమ్మానాన్నలు అందులో ఉంటే, ముఖ్యంగా చికిత్స మధ్యలో ఉంటే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో ముందే అడగాలి. చివరి రోజు దాటాక అడిగితే ఆలస్యమవుతుంది.

నోటీసు పీరియడ్ ఎంత ఉండాలి?

ప్రైవేటు ఉద్యోగులందరికీ వర్తించే ఒకే నోటీసు కాలం దేశంలో లేదు. ఉద్యోగికి, సంస్థకు మధ్య ఒప్పందంలో ఏముంటే అదే ప్రధానం. చిన్న సంస్థల్లో 15 రోజులు లేదా నెల, మధ్యస్థాయి కంపెనీల్లో రెండు నెలలు, పెద్ద ఐటీ కంపెనీల్లో 90 రోజులు సాధారణంగా కనిపిస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు తక్కువ ఉంటుంది.

కొన్ని రంగాలకు ప్రత్యేక నిబంధనలున్నాయి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం విమానం నడిపే కమాండర్ ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసివ్వాలి.

ఉద్యోగిని సంస్థే తీసేయాలనుకుంటే చట్టం జోక్యం చేసుకుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే కనీసం నెల రోజుల రాతపూర్వక నోటీసు గానీ, దానికి బదులు నెల జీతం గానీ ఇవ్వాలి.

రోజుల లెక్క

గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఒప్పందంలో వేరుగా లేకపోతే నోటీసు రోజులంటే క్యాలెండర్ రోజులే. ఆదివారాలు, పండగలు కూడా అందులో కలుస్తాయి. లేఖ అందిన మర్నాటి నుంచి లెక్కపెట్టడం సురక్షితం.

ఉదాహరణకు 60 రోజుల నోటీసున్న ఉద్యోగి మార్చి 3న లేఖ ఇచ్చారనుకుందాం. మార్చి 4 నుంచి లెక్కేస్తే మార్చిలో 28 రోజులు, ఏప్రిల్‌లో 30, మొత్తం 58. కాబట్టి 60వ రోజు మే 2. లేఖలో 'రెండు నెలల తర్వాత' అని వదిలేయకుండా 'నా చివరి పనిదినం మే 2' అని రాయాలి. తేదీ మీరు రాయకపోతే హెచ్‌ఆర్ తనకు అనుకూలమైన తేదీ వేస్తుంది.

నోటీసు కాలంలో సెలవు పెడితే అన్ని రోజులు చివరి తేదీని ముందుకు జరిపే పాలసీ చాలాచోట్ల ఉంది. మిగిలిన ఈఎల్స్‌ను నోటీసు రోజుల్లో సర్దుబాటు చేయడం మీ హక్కు కాదు, సంస్థ ఒప్పుకుంటేనే. ఒప్పుకుంటే ఆ మాట మెయిల్‌లో ఉండాలి.

లేఖలో ఏముండాలి?

మంచి రాజీనామా లేఖ అరపేజీ దాటదు. అందులో ఉండాల్సినవి ఇవి:

- తేదీ, మీ పేరు, ఉద్యోగి నంబరు, హోదా, విభాగం
- ఎవరికి రాస్తున్నారో (సాధారణంగా పైఅధికారి, ప్రతి హెచ్‌ఆర్‌కు)
- రాజీనామా చేస్తున్నట్లు సూటిగా ఒక వాక్యం
- నోటీసు కాలం, చివరి పనిదినం
- పనులు అప్పగిస్తామన్న హామీ
- బకాయిలు, రిలీవింగ్ లెటర్, సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలన్న అభ్యర్థన
- మీ సొంత ఈమెయిల్, ఫోన్ నంబరు

కారణం రాయాలా? ప్రైవేటు ఉద్యోగంలో 'వ్యక్తిగత కారణాల వల్ల' అన్నది చాలు. కొత్త కంపెనీ పేరు, అక్కడి జీతం రాయాల్సిన అవసరం లేదు. పైఅధికారి మీద ఫిర్యాదులు ఈ లేఖలో పెట్టకండి. ఫిర్యాదు నిజమైనదైతే, ముఖ్యంగా వేధింపులు, జీతం ఎగవేత లాంటిదైతే, దానికి వేరే లేఖ రాయాలి. రెండూ కలిపితే రాజీనామాను తీసుకుని ఫిర్యాదును పక్కన పడేస్తారు.

'ఆలోచిస్తున్నాను', 'వీలైతే', 'నా జీతం పెంచకపోతే' లాంటి మాటలు కూడా వద్దు. షరతు పెట్టి రాసింది రాజీనామానా, బెదిరింపా అని తర్వాత వాదన మొదలవుతుంది.

నమూనా లేఖ ఇలా ఉండొచ్చు. ఇంగ్లిష్‌లో రాసినా ఇదే వరుస పాటిస్తే చాలు.

తేదీ: 3 మార్చి ........
శ్రీయుత .......... గారికి,
మేనేజర్, .......... విభాగం.
(ప్రతి: హెచ్‌ఆర్ విభాగానికి)

విషయం: ఉద్యోగానికి రాజీనామా

అయ్యా / అమ్మా,

మన సంస్థలో .......... హోదాలో (ఉద్యోగి నంబరు ..........) .......... తేదీ నుంచి పనిచేస్తున్నాను. వ్యక్తిగత కారణాల వల్ల ఈ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను.

నా నియామక పత్రం ప్రకారం 60 రోజుల నోటీసు ఇస్తున్నాను. ఆ ప్రకారం నా చివరి పనిదినం మే 2. ఆలోగా నా చేతిలో ఉన్న పనులను మీరు సూచించినవారికి అప్పగిస్తాను.

నాకు రావాల్సిన జీతం, సెలవుల నగదు, ఇతర బకాయిలు చెల్లించి, రిలీవింగ్ లెటర్, సర్వీసు సర్టిఫికెట్ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. రాజీనామా అందినట్లు, చివరి పనిదినం ఖరారైనట్లు తెలియజేయగలరు.

ఇక్కడ పనిచేసిన కాలంలో నాకు అందిన సహకారానికి కృతజ్ఞతలు.

ఇట్లు,
(సంతకం, పేరు)
సొంత ఈమెయిల్, ఫోన్ నంబరు

ఎలా ఇవ్వాలి?

ముందు పైఅధికారికి నోటితో చెప్పడం మర్యాద. 'సర్, ఒక పది నిమిషాలు మీతో మాట్లాడాలి' అని అడిగి, విషయం చెప్పి, అదే రోజు లేఖ పంపాలి. మెయిల్ చూసి తెలుసుకున్న మేనేజర్ కంటే ముందుగా మాట విన్న మేనేజర్ రిలీవింగ్ విషయంలో సాయపడే అవకాశం ఎక్కువ. అయితే నోటిమాటతో నోటీసు మొదలు కాదు.

కంపెనీ పోర్టల్‌లో రాజీనామా పెట్టే ఏర్పాటుంటే అందులో పెట్టి, స్క్రీన్‌షాట్ తీసుకుని, మెయిల్ కూడా చేయాలి. మెయిల్ ప్రతి మీ సొంత ఐడీకి వెళ్లాలి. చివరి రోజున ఆఫీసు మెయిల్ మూసేస్తారు. ఆధారమంతా అందులోనే ఉంటే తర్వాత మీ చేతిలో ఏమీ మిగలదు. అయితే సొంత రాజీనామాకు సంబంధించిన మెయిళ్లు తప్ప కంపెనీ ఫైళ్లు, క్లయింట్ల వివరాలు సొంత ఐడీకి పంపుకోవద్దు. అదే మీ మీద చర్యకు కారణం కావొచ్చు.

మెయిల్ వ్యవస్థ లేని దుకాణం, ఆస్పత్రి, స్కూలు, ఫ్యాక్టరీ అయితే రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదానిపై 'అందింది' అని సంతకం, తేదీ, ముద్ర వేయించుకోవాలి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

ఆమోదించకపోతే?

'నీ రాజీనామా మేం ఒప్పుకోలేదు, కాబట్టి నువ్వు వెళ్లడానికి వీల్లేదు' అని కొందరు యజమానులంటారు. రాజీనామా చేయడం ఉద్యోగి హక్కని, ఇష్టం లేనివారిని బలవంతంగా పనిచేయించలేరని సుప్రీంకోర్టు ఒక విమానయాన సంస్థ ఉద్యోగి కేసులో స్పష్టం చేసింది. అయితే సర్వీసు నిబంధనల్లో వేరే షరతు ఉన్నప్పుడు, క్రమశిక్షణ చర్య నడుస్తున్నప్పుడు ఇది వర్తించకపోవచ్చని కూడా చెప్పింది. ప్రైవేటు సంస్థలో విచారణలేవీ లేకుండా, నోటీసు పూర్తిచేసి, పనులు, వస్తువులు అప్పగించిన ఉద్యోగిని కట్టిపడేయడం కుదరదు.

నిర్దిష్ట ఉపశమన చట్టం ప్రకారం కూడా వ్యక్తి స్వయంగా చేయాల్సిన సేవను కోర్టు ద్వారా బలవంతంగా చేయించలేరు. సంస్థ అడగగలిగేది నష్టపరిహారం మాత్రమే.

వెనక్కి తీసుకోవచ్చా?

భవిష్యత్తు తేదీతో ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చన్నది మన న్యాయస్థానాలు చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం. దీనికి మూలమైన కేసు ఒక హైకోర్టు న్యాయమూర్తిదే. అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సతీశ్ చంద్ర 1977 మేలో రాష్ట్రపతికి లేఖ రాసి, ఆగస్టు 1 నుంచి రాజీనామా చేస్తున్నానన్నారు. జులైలో మనసు మార్చుకుని దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ ఉపసంహరణ చెల్లుతుందని 1978లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఆమోదించిన విషయం ఉద్యోగికి తెలపడం కూడా ముఖ్యమే. కొంకణ్ రైల్వే ఉద్యోగి కేసులో 2024లో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. రాజీనామాను ఆమోదించినట్లు ఆఫీసు ఫైల్లో రాసుకుంటే సరిపోదు, అది ఉద్యోగికి చేరాలి. చేరకముందే ఆయన వెనక్కి తీసుకున్నారు కాబట్టి రాజీనామా చెల్లదంది.

ఇందులో ఒక మెలిక ఉంది. 'తక్షణం అమల్లోకి వచ్చేలా' అని రాసి, సంస్థ వెంటనే ఆమోదిస్తే వెనక్కి తీసుకునే అవకాశం దాదాపు ఉండదు. కోపంలో రాసిన లేఖల్లో కనిపించేది ఈ మాటే. ప్రైవేటు కంపెనీల్లో పాలసీ, ఒప్పందం కూడా చూసుకోవాలి.

నోటీసు పూర్తిచేయకుండా వెళ్తే?

చాలా ఒప్పందాల్లో 'నోటీసు లేదా దానికి బదులు జీతం' అని ఉంటుంది. 90 రోజుల నోటీసులో 60 రోజులే చేస్తే మిగిలిన 30 రోజుల జీతం కట్టాలి. అది బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా అన్నది చూసుకోవాలి. బేసిక్ 30 వేలు, మొత్తం 60 వేలు ఉన్నవాళ్లకు ఆ ఒక్క పదం తేడా 30 వేల రూపాయలు. ఇలా కోసుకునే డబ్బుపై జీఎస్టీ కూడా వేసిన సంస్థలున్నాయి. నోటీసు పే వసూలుపై జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది.

ఆ డబ్బు కట్టి వెళ్లిపోయే హక్కు ఉద్యోగికి ఉందా, లేక సంస్థ ఒప్పుకుంటేనేనా అన్నది ఒప్పందంలో రాసినదాన్ని బట్టి ఉంటుంది. కొత్త కంపెనీ ఆ మొత్తాన్ని భరిస్తానంటే అది కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి.

చెప్పాపెట్టకుండా మానేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డ దారి. రిలీవింగ్ లెటర్ రాదు. తర్వాతి కంపెనీ పాత ఉద్యోగం గురించి వాకబు చేసినప్పుడు 'పరారీ' అని రాసి పంపుతారు.

బాండ్ల సంగతి

'మూడేళ్లు పనిచేయకపోతే రెండు లక్షలు కట్టాలి' లాంటి బాండ్లు చెల్లవని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఇప్పుడు సురక్షితం కాదు. మూడేళ్లలోపు మానేస్తే రూ.2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నియామకాలకు ప్రభుత్వరంగ బ్యాంకు చేసే ఖర్చును, ఆ ఉద్యోగి హోదాను, జీతాన్ని లెక్కలోకి తీసుకుంది.

అలాగని ప్రతి బాండూ, ఎంత మొత్తమైనా చెల్లుతుందని కాదు. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత రాసినా, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. 'మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదు' అన్న షరతు 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు. అయితే కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు ఉద్యోగం మానేశాక కూడా కొనసాగుతుంది.

అసలు సర్టిఫికెట్లు తీసుకుని ఇవ్వకపోవడం మన ప్రైవేటు కాలేజీల్లో, స్కూళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు. చేరేటప్పుడు ఇవ్వకపోవడమే మేలు. తప్పనిసరై ఇస్తే ఏమేం ఇచ్చారో రాసి రసీదు తీసుకోవాలి. మానేసేటప్పుడు వాటిని వాపసు ఇవ్వమని రాజీనామా లేఖలోనే అడగాలి.

వాళ్లే 'రాజీనామా చేయండి' అంటే?

ఉద్యోగాల కోత సమయంలో హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి 'మీ అంతట మీరు రాజీనామా చేస్తే రికార్డు బాగుంటుంది, లేకపోతే తీసేశామని రాస్తాం' అంటారు. అప్పటికప్పుడు సంతకం పెట్టమంటారు. ఇక్కడే చాలామంది నష్టపోతారు.

కారణం చిన్నదే. సొంతంగా రాజీనామా చేసినవారికి తొలగింపు పరిహారం ఉండదు. చట్టం దృష్టిలో కార్మికులయ్యేవారిని, ఏడాదిపాటు నిరంతరం పనిచేసినవారిని, మిగులు సిబ్బంది పేరుతో తీసేయాలంటే నెల నోటీసు లేదా ఆ నెల జీతం, దాంతోపాటు పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ రక్షణ కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. మీరు కార్మికుల నిర్వచనంలోకి వస్తారా లేదా అన్నది హోదా పేరును బట్టి కాదు, నిజంగా చేసే పనిని బట్టి తేలుతుంది.

అలాంటప్పుడు చేయాల్సింది ఇది. 'చదివి రేపు చెబుతాను' అని ప్రతి తీసుకుని బయటకు రావాలి. ఆ సమావేశంలో ఏమన్నారో అదే రోజు హెచ్‌ఆర్‌కు మర్యాదగా మెయిల్ రాయాలి. రాజీనామాకే ఒప్పుకుంటే ఎన్ని నెలల జీతం ఇస్తారు, బీమా ఎప్పటిదాకా ఉంటుంది, సర్టిఫికెట్‌లో ఏం రాస్తారు అన్నవి ముందు కాగితం మీద ఉండాలి. బలవంతంగా సంతకం పెట్టించుకుంటే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపి, కార్మిక శాఖ అధికారినో న్యాయవాదినో కలవాలి. ఆరు నెలల తర్వాత 'బలవంతం చేశారు' అంటే నమ్మించడం కష్టం.

ప్రభుత్వోద్యోగులకు ఒక హెచ్చరిక

ప్రభుత్వోద్యోగంలో 'రాజీనామా', 'స్వచ్ఛంద పదవీ విరమణ' ఒకటి కావు. రాజీనామా చేస్తే అంతకుముందు చేసిన సర్వీసంతా రద్దవుతుంది. పాత పింఛను విధానంలో ఉన్నవారికి దానర్థం పింఛను పోవడమే. స్వచ్ఛంద విరమణకు సాధారణంగా 20 ఏళ్ల అర్హ సర్వీసు, మూడు నెలల నోటీసు కావాలి. దానికి పింఛను ఉంటుంది.

ఢిల్లీలో విద్యుత్ సంస్థ ఉద్యోగి ఒకరు 1990లో రాజీనామా చేశారు. దాన్ని స్వచ్ఛంద విరమణగా పరిగణించి పింఛను ఇవ్వాలని కోర్టుకెళ్లారు. రాజీనామా రాజీనామాయేనని, పాత సర్వీసు పోయినట్లేనని 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్క పదం మీద దాదాపు ముప్పై ఏళ్ల కథ అలా ముగిసింది.

ఒక ప్రభుత్వోద్యోగం నుంచి మరోదానికి వెళ్లేవారు ముందుగా శాఖ అనుమతితో దరఖాస్తు చేసి, 'సాంకేతిక రాజీనామా' ఇవ్వాలి. కొత్త ఉద్యోగంలో చేరడానికే అని లేఖలో స్పష్టంగా రాస్తే పాత సర్వీసు నిలబడుతుంది. ఇక్కడ 'వ్యక్తిగత కారణాలు' అని రాయడం పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు తర్వాత చేరి సీపీఎస్‌లో ఉన్నవారికి తమ ఖాతాలో జమైన మొత్తం ఆ పథకం నిబంధనల ప్రకారం వస్తుంది.

చేతికి రావాల్సినవి

జీతం బకాయి: ఇదివరకు 'ఫుల్ అండ్ ఫైనల్' పేరుతో నెల, నెలన్నర తిప్పేవారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి కూడా రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి.

గ్రాట్యుటీ: అయిదేళ్ల నిరంతర సర్వీసు ఉంటే రాజీనామా చేసినా వస్తుంది. నిర్ణీత కాలానికి నియమితులైనవారికి కొత్త సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఏడాది పనిచేసినా దామాషాలో వస్తుంది. లెక్క ఇది: చివరి నెల జీతం (బేసిక్, డీఏ ప్రధానం) × 15 ÷ 26 × సర్వీసు ఏళ్లు. ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. ఆ జీతం 40 వేలు ఉన్న వ్యక్తి 6 ఏళ్ల 5 నెలలకు మానేస్తే రూ.1,38,461 వస్తుంది. 6 ఏళ్ల 7 నెలలకు మానేస్తే రూ.1,61,538. నాలుగేళ్ల 240 రోజులు చాలన్న మద్రాసు హైకోర్టు తీర్పు ఉన్నా, అన్ని సంస్థలూ దాన్ని ఒప్పుకోవడం లేదు. వీలైతే అయిదేళ్లు దాటాకే చివరి తేదీ పెట్టుకోవడం మంచిది. గ్రాట్యుటీని 30 రోజుల్లో చెల్లించాలి.

పీఎఫ్: కొత్త ఉద్యోగం ఉంటే తీసేసుకోకుండా అదే యూఏఎన్ కింద బదిలీ చేసుకోవాలి. అయిదేళ్ల నిరంతర సర్వీసు నిండకుండా తీసుకుంటే పన్ను పడుతుంది. నెలవారీ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. మధ్యలో పింఛను భాగం తీసేసుకుంటే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మానేసిన తేదీని సంస్థ పోర్టల్‌లో నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే నమోదు చేసుకోవచ్చు.

పన్ను: ఈ ఏడాది ఇక్కడ తీసుకున్న జీతం వివరాలు కొత్త సంస్థకు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇద్దరూ మినహాయింపులు ఇచ్చేసి, రిటర్ను వేసేటప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం కట్టాల్సి వస్తుంది. ఫారం 16 తప్పక తీసుకోండి.

కాగితాలు: రాజీనామా ఆమోద మెయిల్, రిలీవింగ్ లెటర్, సర్వీసు సర్టిఫికెట్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, బకాయిల లెక్క పత్రం. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు ఇచ్చినప్పుడు 'బాకీ లేదు' అన్న రసీదు.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవారికి

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఉద్యోగం, వీసా ముడిపడి ఉంటాయి. కాబట్టి ఒక్క తేదీ తప్పినా నష్టం ఎక్కువ. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నోటీసు 30 రోజులకు తగ్గకుండా, 90 రోజులకు మించకుండా ఉండాలి. ప్రొబేషన్‌లో ఉండి అక్కడే మరో సంస్థకు మారాలంటే నెల, దేశం వదిలి రావాలంటే 14 రోజుల నోటీసివ్వాలి. చెప్పకుండా గది ఖాళీ చేసి వచ్చేస్తే యజమాని 'పారిపోయాడు' అని ఫిర్యాదు చేసే ప్రమాదం ఉంది. దాంతో మళ్లీ ఆ దేశానికి వెళ్లడం కష్టమవుతుంది.

అమెరికాలో చాలా ఉద్యోగాలకు చట్టపరంగా నోటీసు అవసరం లేదు. రెండు వారాల ముందు చెప్పడం అక్కడి ఆనవాయితీ. కానీ హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం ఆగిన నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిస్తే అదే ఆఖరు. ఆలోగా కొత్త సంస్థ పిటిషన్ వేయాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. కాబట్టి కొత్త పిటిషన్ దాఖలైందని రసీదు చూశాకే పాతచోట చెప్పడం క్షేమం.

చివరిగా

పారసీ నుంచి మనకొచ్చిన 'రాజీనామా' అన్న మాటలో 'రాజీ' ఉంది. కోర్టుల్లో ఇప్పటికీ రాజీ అంటే ఇరుపక్షాల ఒప్పుదలే. ఉద్యోగం వదిలేటప్పుడు కూడా మంచి పద్ధతి అదే. తేదీ మీద, డబ్బు మీద, కాగితాల మీద ఇద్దరికీ ఒక ఒప్పందం కుదరాలి, అది రాతలో ఉండాలి.

కోపంగా ఉన్న రోజు లేఖ రాసుకున్నా పర్లేదు, పంపకండి. మర్నాడు పొద్దున అపాయింట్‌మెంట్ లెటర్, క్యాలెండర్ పక్కన పెట్టుకుని మరోసారి చదవండి. అప్పటికీ మానేయాలనే ఉంటే చివరి పనిదినం తేదీ వేసి పంపండి. ఆ మెయిల్ ప్రతి మీ సొంత ఐడీకి చేరిందో లేదో చూసుకోవడం మాత్రం మరచిపోవద్దు.